తీగ వేడి, వత్తి తడి

దీపం కొండెక్కే క్షణంలో వచ్చే వాసన మనవారందరికీ తెలిసినదే. ప్రమిదలో నూనె అడుగంటుతుంది. వత్తి కొసన ఎర్రని నిప్పుకణం ఒక్కటి మిగులుతుంది. అక్కడినుండి సన్నని తెల్లని పొగ లేస్తుంది. ఆ పొగ ముక్కుకు సోకితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మూకుడులో నూనె మితిమీరి కాగినప్పుడు వంటింటిని నింపే ఘాటు కూడా ఇదే కోవకు చెందినది. ఈ ఘాటుకు కారణమైన పదార్థాలలో ముఖ్యమైన దానికి రసాయన శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎక్రోలిన్. నూనెలన్నిటిలోనూ అంతర్భాగంగా ఉండే గ్లిజరిన్ అతిగా వేడెక్కి తనలోని రెండు నీటి అణువులను పోగొట్టుకున్నప్పుడు ఎక్రోలిన్ పుడుతుంది. కంటికీ, ముక్కుకూ, ఊపిరితిత్తులకూ అది శత్రువు.

ఈ రోజున అనేక దేశాలలో కోట్లమంది నోట పెట్టుకుంటున్న ఒక చిన్న పరికరంలో ఉన్నవి కూడా ఇవే: కాస్త దూది, కాస్త గ్లిజరిన్, దానిని కాచే వేడి. ఎలక్ట్రానిక్ సిగరెట్టు అని దానికి పేరు. దానితో ఆవిరి పీల్చడాన్ని వేపింగ్ అంటున్నారు. పరికరం పైభాగాన, ద్రవాన్ని ఆవిరిగా మార్చే చిన్న గదిని అటామైజర్ అంటారు. అందులోని తీగనూ వత్తినీ వాడేవారే స్వయంగా విప్పి, మార్చి, మళ్ళీ అమర్చుకునే రకం ఒకటున్నది. ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆ రకాన్ని గూర్చి.

ముందుగా చట్టం మాట. మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్టుల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రచారం అన్నీ 2019లో నిషేధించబడ్డాయి. ఆ యేడు సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో చట్టం వచ్చింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కనుక దీనిని కొనమని గాని, వాడమని గాని ఈ శీర్షిక చెప్పడం లేదు. అయితే నిషేధం ఉన్నంత మాత్రాన వస్తువు లేకుండా పోదు. పెద్ద నగరాలలో అది చాటుమాటుగా చేతులు మారుతూనే ఉన్నది. బ్రిటన్ వంటి దేశాలలోనైతే అది చట్టసమ్మతం. పొగ మానుకోదలచినవారికి ఒక సాధనంగా అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ దీనిని అంగీకరించింది, పొగ త్రాగే అలవాటు లేనివారు దీని జోలికి పోరాదని కూడా ఆ వ్యవస్థే చెబుతున్నది. చదువులకూ ఉద్యోగాలకూ ఆ దేశాలకు వెళ్ళిన తెలుగు పిల్లలు తక్కువమంది కారు. వారి బల్లమీద ఈ వస్తువు కనిపించిన తల్లిదండ్రులకు ఇందులో ఏది పొగ, ఏది ఆవిరి, ఏది ఎప్పుడు విషమౌతుంది అన్న సంగతి తెలిసి ఉండడం మంచిది.

ఈ ఆలోచన కొత్తది కాదు. హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1963లోనే పొగలేని సిగరెట్టుకు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1965లో అది మంజూరైంది గాని, సరుకు బజారుకు రాలేదు. నలభై సంవత్సరాల తరువాత, 2003లో, హోన్ లిక్ అనే చైనా ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించిన పరికరమే నేటి వ్యాపారానికి మూలం. ఆ వెనుక, కంపెనీలవారు ఇచ్చిన తీగలతో తృప్తిపడనివారు స్వయంగా తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో వారు వత్తికి సిలికా దారం వాడారు, కొందరు ఉక్కు తీగల జల్లెడను చుట్టగా చుట్టి వాడారు. చివరికి అందరూ వచ్చి చేరింది దూది దగ్గరికే. మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలిసిన సంగతే ఇది.

వత్తి చేసే పని చూడడానికి సులువు, నిజానికి అంత సులువు కాదు. దూది పోగుల నడుమ వెంట్రుకకన్న సన్నని సందులుంటాయి. ఆ సందుల గోడలకు అంటుకుంటూ ద్రవం తనంతట తానే పైకి ప్రాకుతుంది. కేశనాళికీయత అని మనం పాఠశాలలో చదువుకున్నది ఇదే. ఈ ప్రాకుడుకు ఒక లెక్క ఉన్నది. ఎడ్వర్డ్ వాష్‌బర్న్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1921లో దానిని వివరించాడు. ఆ లెక్క ప్రకారం, ద్రవం ఒక దూరం ప్రాకడానికి ఎంత సమయం పడుతుందో, దానికి రెండింతల దూరం ప్రాకడానికి నాలుగింతల సమయం పడుతుంది. వత్తి పొడవు కొద్దిగా పెరిగినా ద్రవం అందడం బాగా ఆలస్యమౌతుందన్నమాట. ద్రవం చిక్కబడినా అంతే. ఈ పరికరాలలో పోసే ద్రవం ప్రధానంగా రెండు పదార్థాల మిశ్రమం. ప్రొపిలీన్ గ్లైకాల్ పలుచన, గ్లిజరిన్ మిక్కిలి చిక్కన. గ్లిజరిన్ పాలు పెరిగితే ఆవిరి దట్టంగా వస్తుందని కుర్రవారు దానిని ఇష్టపడతారు. కాని వత్తికి అది పెద్ద బరువు. చలికాలంలో గ్లిజరిన్ మరింత చిక్కబడుతుంది. వేసవిలో చక్కగా పనిచేసిన వత్తి, లండన్ డిసెంబరులో బయట నిలుచున్నవాని చేతిలో మొరాయించడానికి కారణం ఇదే.

ఇప్పుడు వత్తికి ఎదురుగా నిలిచే తీగ సంగతి. దూది ఎంత వేగంగా తెస్తే, తీగ అంతే వేగంగా ఖర్చు చేయాలి. ఈ సంతులనమే మొత్తం విషయం. ఆకు దొన్నెలో నీరు పోసి నిప్పుమీద పెడితే, నీరున్నంతసేపు ఆకు మాడదని పిల్లలకు చూపిస్తాము. నీరు మరిగే వేడిని మించి ఆకును పోనివ్వదు. వత్తి విషయమూ అంతే. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్లిజరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. తడి ఉన్నంతవరకు తీగ వేడి ఇంచుమించు ఈ హద్దులలోనే ఆగుతుంది. తడి ఆరిన మరుక్షణం దానిని పట్టి ఉంచేది ఏదీ లేదు. తీగ ఎర్రబారుతుంది. దూది 200 డిగ్రీలు దాటిన కొద్దీ పసుపువారి, ముదురు గోధుమ రంగుకు తిరిగి, చివరకు బొగ్గవుతుంది. మిగిలి ఉన్న కాస్త గ్లిజరిన్ మరగడానికి బదులు విరిగిపోయి, ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాటికి జన్మనిస్తుంది. దీనిని వాడేవారు ఎండు దమ్ము అంటారు. ఒకసారి రుచి చూసినవాడు మరువడు. గొంతులో మాడిన గుడ్డ కుక్కినట్లుంటుందని చెబుతారు.

తీగ మామూలు తీగ కాదు. ఇస్త్రీపెట్టెలోనూ, హీటరులోనూ ఉండే లోహమే ఇది. నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్‌కు ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ 1906లో పేటెంటు పొందాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంథాల్ స్వీడన్ దేశపు సృష్టి. రెండూ ఎర్రగా కాలినా తుప్పు పట్టి రాలిపోవు. వేడికి పైన ఒక పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, అదే లోపలి లోహానికి కవచమౌతుంది. ఈ తీగను సుమారు మూడు మిల్లీమీటర్ల మందం గల కడ్డీ చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, కడ్డీని లాగివేస్తే స్ప్రింగు వంటి కాయిల్ మిగులుతుంది. దాని రెండు కొసలను అటామైజర్‌లోని స్తంభాలకు మరలతో బిగించి, మిగిలిన ముక్కలను కత్తిరించివేస్తారు. కత్తిరించడంలో అశ్రద్ధ చేసి ఒక కొస పొడుగుగా మిగిలి లోహపు గిన్నెకు తగిలిందా, విద్యుత్తు తీగ గుండా పోకుండా అడ్డదారి పడుతుంది. జేబులో ఉన్న చిన్న బ్యాటరీయే గదా అనుకోరాదు. నిండుగా చార్జి చేసిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం అర ఓము ఉంటే దాని గుండా 8.4 ఆంపియర్లు ప్రవహిస్తాయి, వేడి 35 వాట్లు. నిరోధం 0.2 ఓములకు దిగితే 21 ఆంపియర్లు, 88 వాట్లు. అడ్డదారి పడితే నిరోధం దాదాపు సున్న. మంచి పరికరాలలో దీనిని పసిగట్టి ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. ఏ రక్షణా లేక బ్యాటరీని నేరుగా తీగకు కలిపే రకం కూడా ఉన్నది. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో, అటువంటి పరికరం పేలి దాని తునకలు తలలో దిగి ఒకరు మరణించారు. కనుక దూది పెట్టకముందే నిరోధం కొలిచి చూసుకోవడం ఈ విద్యలో మొదటి నియమం. చాలామంది ఇదే దాటవేస్తారు.

కొలిచిన తరువాత తక్కువ శక్తితో తీగను క్షణకాలం వేడిచేసి చూస్తారు. సరిగా చుట్టిన కాయిల్ నడుమనుండి మొదలై రెండు ప్రక్కలకూ సమంగా ఎర్రబడుతుంది. ఒక చుట్టు మాత్రమే ముందుగా మెరిసిందంటే అక్కడ వేడి గుమిగూడుతున్నదని అర్థం. రేపు దూది మాడేది అక్కడే. పింగాణీ కొసలున్న పట్టకారుతో సున్నితంగా నొక్కి చుట్లను సర్దుతారు. ఉక్కు పట్టకారు అయితే అదే అడ్డదారి అవుతుంది.

ఇక దూది. నేర్పంతా ఇక్కడే. మనవైపు దీపపు వత్తులు చేసేవారు వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుని, దూదిని లాగుతూ నులుముతారు. ఎంత నులమాలో వేళ్ళకే తెలుసు. మరీ బిగువైతే నూనె ఎక్కదు, మరీ వదులైతే వత్తి నిలువక నూనెలో పడిపోతుంది. కాయిల్‌లో దూది దూర్చడమూ ఇటువంటిదే. లాగితే కాస్త పట్టినట్లు రావాలి, తీగ వంగరాదు. బిగువు మించితే సందులు మూసుకుపోయి ద్రవం ప్రాకదు. వదులైతే తీగకూ దూదికీ నడుమ గాలి మిగిలి, అక్కడ దూది తడిలేకుండా కాలుతుంది. బయటికి వచ్చిన రెండు తోకలను గిన్నె అడుగుకు ఆనేటంత పొడవు మాత్రం ఉంచి కత్తిరించి, కొసలను దువ్వి వదులు చేస్తారు. అదనపు పొడవు అదనపు నిల్వ అని భ్రమపడేవారు వాష్‌బర్న్ లెక్కను మరచినవారు. పెట్టిన దూదిని మొదటి దమ్ముకు ముందే పూర్తిగా తడపాలి. పొడి దూదిపై తీగ వెలిగిస్తే, మాడిన రుచి ఆ దూది ఉన్నన్నాళ్ళూ పోదు.

దూది ఎన్నాళ్ళుంటుంది? దీనికి తేదీలు లేవు. తీపి కలపని ద్రవమైతే వారం రోజులు బాగానే ఉండవచ్చు, తీపి ద్రవాలైతే రెండుమూడు రోజులకే తీగమీద నల్లని బెల్లపు పాకం వంటి పొర కడుతుంది. దీపం వత్తికి కొడి కట్టినట్లే ఇదీ. ఆ పొర వేడిని బంధిస్తుంది, తడిని దగ్గరికి రానివ్వదు. అప్పుడు దూదిని లాగివేసి, ఖాళీ తీగను తక్కువ శక్తితో వెలిగించి, పొర బూడిదయ్యాక నీటితో కడిగి, చిన్న బ్రష్షుతో రుద్ది, ఆరిన తరువాత కొత్త దూది పెడతారు. ఎర్రగా మెరిసేవరకు మాటిమాటికి కాల్చడం తీగకు మంచిది కాదని, అంతకన్న తీగనే మార్చడం మేలని చెప్పే పరిశోధకులున్నారు. పాత దూదిని పారవేసేముందు విప్పి చూడడం మంచి అలవాటు. తీగ ఆనిన చోట లేత గోధుమ రంగు సహజం. నల్లని గీతలుంటే, గడచిన రోజులలో ఏదో ఒక చోట తడి అందలేదనడానికి సాక్ష్యం.

ఈ వత్తి బిగువుకూ పొడవుకూ ఒక పెద్ద శాస్త్రచర్చలో ప్రవేశం దొరికింది. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే సుప్రసిద్ధ వైద్యపత్రిక అమెరికాలోని పోర్ట్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయం వారి లేఖ నొకదానిని ప్రచురించింది. వారు యంత్రంతో ఆవిరి పీల్పించి పరీక్షించారు. 3.3 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడ్ జాడ దొరకలేదు. 5 వోల్టుల వద్ద మాత్రం, గ్లిజరిన్ మొదలైన వాటితో ముడిపడిన రూపంలో అది మెండుగా కనిపించింది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సరు కారకం. దీర్ఘకాలం పొగ త్రాగడంవల్ల ఆ పదార్థంనుండి కలిగే ముప్పుకు ఇది ఐదు నుండి పదిహేను రెట్లు ఉండవచ్చునని వారు లెక్క కట్టారు. వార్తాపత్రికలు ఈ అంకెను ఎట్లా ఎత్తుకున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం గ్రీసు దేశపు హృద్రోగ పరిశోధకుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్, ఆయన సహచరులు మరొక ప్రయోగం చేశారు. విప్పి అమర్చుకోగల అటామైజర్‌ను రెండు విధాల సిద్ధంచేశారు. ఒకదానిలో జంట వత్తి, రెండవదానిలో మామూలు వత్తి. మొదట అనుభవజ్ఞులైన మనుషులచేత 6.5 నుండి 10 వాట్ల వరకు వేర్వేరు శక్తుల వద్ద పీల్పించి, ఎండు దమ్ము ఎక్కడ వచ్చిందో చెప్పమన్నారు. ఆ తరువాతనే యంత్రానికి తగిలించి కొలిచారు. జంట వత్తి పరికరం ఏ శక్తి వద్దనూ ఎండు దమ్ము ఇవ్వలేదు. పది దమ్ములకు ఫార్మాల్డిహైడ్ 11.3 మైక్రోగ్రాములు మించలేదు. మామూలు వత్తి 9, 10 వాట్ల వద్ద ఎండిందని పీల్చినవారందరూ గుర్తించారు. సరిగా అక్కడనే ఫార్మాల్డిహైడ్ 344.6 మైక్రోగ్రాముల వరకు ఎగబ్రాకింది. ఎక్రోలిన్ మొదలైన వాటితో కలిపి చూస్తే పెరుగుదల 30 నుండి 250 రెట్లు. తీగా అదే, ద్రవమూ అదే, శక్తీ అదే. తేడా అంతా వత్తిలోనే ఉన్నది.

యంత్రానికి నాలుక లేదు, కనుక మాడినదానిని కూడా అది నిశ్చింతగా పీలుస్తుంది, మనిషి అయితే ఉమ్మివేస్తాడు అన్నది గ్రీకు పరిశోధకుల వాదం. ఇందులో న్యాయం ఉన్నది. కాని నాలుక మీద అంత భారం వేయడం నాకు సబబుగా తోచదు. వంటింటిలో రోజూ తిరగమోత పెట్టేవారి ముక్కుకు ఘాటు తెలియదు, బయటినుండి వచ్చినవారికి తుమ్ములు వస్తాయి. పుదీనా చల్లదనంతోనూ, దట్టమైన తీపితోనూ నిండిన ద్రవాలు పీల్చేవానికి కమురు మొదలైన తొలి ఘడియ తెలుస్తుందా? పూర్తిగా మాడినప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. కొద్దికొద్దిగా మాడుతున్నప్పుడు, దూది రంగు చూచినవానికే తెలుస్తుంది.

అట్లాగని ప్రతి రెండు రోజులకూ అన్నీ మార్చివేస్తే సరిపోతుందా అంటే, అక్కడ ఇంకొక చిక్కు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంవారు 2018లో, ప్రతిరోజూ ఈ పరికరాలు వాడే 56 మందివద్దనుండి వారి సొంత పరికరాలనే తెప్పించి పరీక్షించారు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో లోహాలు స్వల్పం. కాయిల్‌ను తాకి ఆవిరియై బయటికి వచ్చేసరికి సీసం, నికెల్, క్రోమియం మొదలైనవి అందులో చేరుతున్నాయి. సీసం సగటున చూస్తే సీసాలోని ద్రవంలోకన్న 25 రెట్లకు పైగా ఉన్నది. విచిత్రమేమంటే, కాయిల్‌ను తరచుగా మార్చేవారి పరికరాలలో లోహాల పాలు ఎక్కువగా కనబడింది. కొత్త తీగ లోహాన్ని సులభంగా వదులుతున్నదేమోనని పరిశోధకులు ఊహించారు. పాత తీగ మీద పొర కడితే మాడుడు, కొత్త తీగ పెడితే లోహం. దూదిని తరచుగా మార్చి, తీగను అంత తరచుగా మార్చకుండా కడిగి వాడుకునేవారి పద్ధతికి ఈ ఫలితం కొంత బలమిస్తున్నది. దోషం లేని పద్ధతి మాత్రం ఏదీ లేదు.

ఇవన్నీ పరికరాన్ని విప్పగలవానికి వర్తించే సంగతులు. ఇటీవలి సంవత్సరాలలో లోకమంతటా పరచుకున్నది విప్పడానికి వీలులేని రకం. రంగురంగుల ప్లాస్టిక్ గొట్టంలో దూది, తీగ, ద్రవం, బ్యాటరీ అన్నీ బిగించి మూసివేస్తారు, కొన్నాళ్ళు పీల్చి పారవేయాలి. మన నగరాలలో పిల్లల సంచులలో దొరుకుతున్నవి ఎక్కువగా ఇవే. చివరి దమ్ములలో ద్రవం అడుగంటి వత్తి ఎండుతుండగా, డబ్బు పెట్టి కొన్నది గదా అని పిల్లవాడు ఇంకా పీలుస్తూనే ఉంటాడు. లోపలి దూది ఏ రంగులో ఉన్నదో చూసే మార్గమే లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2025 జూన్ 1 నుండి ఇటువంటి పారవేసే రకాల అమ్మకాన్ని నిషేధించింది. అక్కడ ఇప్పుడు అమ్మదగిన పరికరానికి మళ్ళీ చార్జి చేసే వీలు, మళ్ళీ ద్రవం నింపే వీలు ఉండాలి, కాయిల్ మార్చుకునే వీలుండాలి. చెత్తకుప్పలలో పేరుకుంటున్న లిథియం బ్యాటరీలూ, పిల్లలలో పెరుగుతున్న వాడకమూ ఆ నిషేధానికి కారణాలు. వత్తిని ఉద్దేశించి చేసిన చట్టం కాదది. అయినా దానివల్ల వాడేవాని చేతికి కాయిల్ తిరిగి వచ్చింది. దుకాణాలలో దొరికే కాయిల్ చాలావరకు మూసిన గొట్టంలోనే వస్తుంది. దాని ప్రక్కన ఉన్న చిన్న రంధ్రంలోకి తొంగిచూస్తే దూది అంచు కొంచెం కనబడుతుంది.